నమూనా గది బయటి నల్లా

పంజాగుట్ట మెట్రో స్టేషన్‌కు కొద్ది దూరంలో, ఒక డయాగ్నస్టిక్ సెంటర్ రెండో అంతస్తులో, కిటికీ లేని చిన్న గది ఒకటి ఉంది. నా ఉద్యోగ జీవితంలోని చివరి తొమ్మిదేళ్లు ఆ గది తలుపు ముందే గడిచాయి. లోపల ఒక టాయిలెట్ ఉంటుంది. నల్లా ఉంటుంది గాని దానికి టేపు చుట్టి, టేపు మీద సంతకం చేసి ఉంచుతాం. సబ్బు ఉండదు, చెత్తబుట్ట ఉండదు. కమోడ్‌లోని నీళ్లలో నీలం రంగు కలిపి ఉంటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరబోయేవాళ్లు తాము మత్తుపదార్థాలు వాడటం లేదని రుజువు చేసుకోవడానికి ఒక ప్లాస్టిక్ కప్పు పట్టుకుని ఆ గదిలోకి వెళ్తారు. ఆ కప్పులో ఎవరూ నీళ్లు కలపకుండా చూడటానికే ఈ ఏర్పాట్లన్నీ.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిలో చేరి, నమూనాల సేకరణకు బాధ్యురాలిగా పదవీ విరమణ చేశాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను అడిగేది జీతం గురించి, షిఫ్టుల గురించి. వాటి గురించి నేను చెప్పగలిగేది తక్కువ. రోజూ డైరీ రాసే అలవాటు వల్ల కొన్ని ఉదయాలు మాత్రం ఎలా జరిగాయో అలాగే నా దగ్గర ఉన్నాయి. వాటిలో ఒకదాని గురించి రాయడానికే ఇది మొదలుపెట్టాను. దానికి ముందు రెండు మాటలు చెప్పాలి.

ముఖాల గురించి

నాకు ఈ పని నేర్పినవారు లక్ష్మణరావు గారు, అప్పటికే జుట్టు పూర్తిగా నెరిసిన సీనియర్ టెక్నీషియన్. మొదటి వారం ఆయన నన్ను కౌంటర్ వెనక కూర్చోబెట్టి, వచ్చినవాళ్లలో ఎవరి నమూనా తేడాగా వస్తుందో ఊహించి చెప్పమన్నారు. నేను చేతులు వణుకుతున్నవాళ్లను, నుదురు తుడుచుకుంటున్నవాళ్లను, పేరు అడిగితే తడబడినవాళ్లను ఎంచి చెప్పాను. ఫలితాలు వచ్చాక ఆయన నన్ను పిలిచారు.

"నువ్వు ఎంచినవాళ్లంతా శుభ్రంగా ఉన్నారమ్మా. కౌంటర్ దగ్గర జోకులేసి నిన్ను నవ్వించి వెళ్లాడే, అతని నమూనాలో గంజాయి వచ్చింది. ముఖాలు చదవడం మన పని కాదు. కప్పు మీద పట్టీ చదువు, చాలు."

ఆయన చెప్పిన పట్టీ కప్పుకు బయట అంటించి ఉండే ఉష్ణోగ్రత పట్టీ. నమూనా చేతికి వచ్చిన నాలుగు నిమిషాల్లోపు దాన్ని చూడాలి. ఒంట్లోంచి అప్పుడే వచ్చినదైతే పట్టీ మీద ఆకుపచ్చ చుక్క కనబడుతుంది. జేబులో దాచి తెచ్చినదైతే సాధారణంగా కనబడదు.

ఆ పాఠం నేను మరచిపోలేదు. అయితే దానికి నేను ఒకటి కలుపుకున్నాను. మా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులు నేర్చుకుని, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఉంటూ, ఏడాదికో రెండేళ్లకో మొదటి ఆఫర్ లెటర్ చూసినవాళ్లు. వాళ్లు భయపడేది మత్తుపదార్థాలు వాడినందుకు కాదు. చేతి దాకా వచ్చిన ఉద్యోగం తమకు అర్థంకాని ఏదో కారణంతో జారిపోతుందేమోనని భయం. ఒక అబ్బాయి గది తలుపు దగ్గర ఆగి నన్ను అడిగాడు:

"మేడమ్, మా రూమ్మేట్ మొన్న గంజాయి తాగిండు. నేను పక్క మంచంల పండుకున్న. నాకు సుత వస్తదా?"

నమూనా ఇవ్వకముందు ఫలితం గురించి అభిప్రాయం చెప్పకూడదన్నది నియమం. ఏదైనా ఉంటే డాక్టర్ గారు ఫోన్ చేసి మాట్లాడతారని మాత్రం చెప్పాను. ఆ మాటతో అతని భయం రెట్టింపయింది. అతని నమూనాలో ఏమీ రాలేదు. ఆ రెండు రోజులు అతను ఎలా నిద్రపోయాడో మాత్రం నాకు తెలియదు.

డాక్టర్ అంటే డాక్టర్ మోహన్ రెడ్డి గారు. ల్యాబ్ నుంచి తేడాగా వచ్చిన ప్రతి రిపోర్టునూ కంపెనీకి పంపేముందు ఆయన చూస్తారు, ఆ మనిషితో మాట్లాడతారు. నల్లమందు జాతి పదార్థం వచ్చిందంటే, ఆయన మొదట అడిగేది ఆదివారం మటన్‌లో గసగసాలు నూరి వేశారా అని. రెండో ప్రశ్న దగ్గు మందు గురించి. గసగసాలు నల్లమందు మొక్క గింజలే, కొన్ని దగ్గు మందుల్లోనూ అదే జాతి పదార్థం ఉంటుంది. తిట్టరు, జాలిపడరు. ఈ పనిలో నేను చూసిన మంచి అధికారులలో ఆయన ఒకరు. కారణం ఒక్కటే: కాగితం చూశాక మనిషిని కూడా అడిగేవారు.

లీటరు నీళ్లు

మా అంతస్తులోనే అల్ట్రాసౌండ్ గది ఉంది. పొట్ట స్కానింగ్‌కు వచ్చేవాళ్లకు ముందురోజు మెసేజ్ వెళ్తుంది: లీటరు నీళ్లు తాగి రండి, టాయిలెట్‌కు వెళ్లకండి. స్కానింగ్‌కు అది అవసరం.

మా మేనేజర్ ప్రసాద్ గారు ఈ మెసేజ్‌లో ఒక సౌకర్యం చూశారు. డ్రగ్ టెస్టుకు వచ్చిన పిల్లలు కప్పు పట్టుకుని లోపలికి వెళ్లి, రావడం లేదంటూ బయటికొచ్చి కూర్చునేవారు. వరుస కదిలేది కాదు. నీళ్లు తాగి రమ్మనే మెసేజ్‌ను ఆయన వాళ్లకు కూడా పెట్టించారు. మరుసటి వారం నుంచి వరుస చకచకా కదిలింది. నమూనా పలచబడితే ల్యాబ్‌లో ఇబ్బంది అవుతుందని నేను రెండుసార్లు చెప్పాను.

"ఏంటండీ సరళ గారూ, మీరు మరీనూ. వాళ్లు రావాలి, ఇవ్వాలి, వెళ్లాలి. కాస్త పలచబడితే మళ్లీ తీసుకుంటాం. కొంపలేం మునగవు కదా" అన్నారు.

ప్రసాద్ గారు చెడ్డవారు కారు. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా డ్యూటీలు ఆయనే సర్దారు. అయితే వరుస ఎంత పొడుగుందో చూసే అధికారికి వరుసలో నిలబడ్డవాళ్లు కనబడరు. మీకు అలాంటి అధికారి దొరికితే, చెప్పవలసింది మూడోసారి కూడా చెప్పండి.

ల్యాబ్‌లో జరిగేది ఇది. నమూనాలో మత్తుపదార్థం ఉందా లేదా అని చూసేముందు, అది నిజంగా మూత్రమేనా అని చూస్తారు. మన ఒళ్లు ప్రతిరోజూ బయటికి పంపే క్రియాటినిన్ అందులో ఎంత ఉందో కొలుస్తారు. తక్కువైతే పలచన అని రాస్తారు. మరీ తక్కువైతే ఇంకో వాక్యం రాస్తారు: 'మానవ మూత్ర లక్షణాలకు అనుగుణంగా లేదు.' అంటే కప్పులో మూత్రానికి బదులు ఇంకేదో పోశారని అర్థం. మాకు పని ఇచ్చే కంపెనీలలో చాలావాటికి అది మోసం కిందే లెక్క. ఆఫర్ రద్దవుతుంది.

మౌనిక

సిద్దిపేట వైపు అమ్మాయి. సన్నగా, పొట్టిగా ఉంటుంది. ఎస్.ఆర్. నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో ఉండి టెస్టింగ్ కోర్సు చేసి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం తెచ్చుకుంది. సోమవారం చేరాలి. మా దగ్గరకు మంగళవారమే వచ్చింది. చాలామంది గడువు చివరిదాకా ఆగుతారు. ఈ అమ్మాయి ఏదైనా తేడా వస్తే సరిచేసుకునే సమయం ఉండాలని ముందే వచ్చింది. కప్పు తెచ్చి ఇచ్చినప్పుడు పట్టీ మీద ఆకుపచ్చ చుక్క సరిగానే ఉంది. కప్పులోది మాత్రం మంచినీళ్లలా ఉంది. ఆ మాట ఫారంలో రాశాను.

గురువారం మధ్యాహ్నం ల్యాబ్ రిపోర్టు వచ్చింది. పలచన కాదు, ఆ రెండో వాక్యం.

డాక్టర్ గారు ఆ అమ్మాయిని పిలిపించారు. ఆమెతో పాటు వాళ్ల నాన్న ఎల్లయ్య గారు కూడా వచ్చారు. ఊళ్లో బోరు మోటార్లు బాగుచేసే మనిషి. ఫోన్ వచ్చిన వెంటనే చేతుల మరకలతోనే బస్సెక్కినట్టున్నారు. మౌనిక జరిగినదంతా వరుసగా చెప్పింది. మా మెసేజ్ చూసి లీటరు నీళ్లు తాగింది. హాస్టల్లో అప్పటికే ఉద్యోగాలు చేస్తున్న అక్కలు, అంతకుముందు రాత్రి నుంచే తాగితే ఒళ్లంతా శుభ్రమవుతుందని చెప్పారు. బార్లీ నీళ్లు, నిమ్మకాయ నీళ్లు, మళ్లీ నీళ్లు. అన్నం సహించలేదు. పొద్దున్న లేచాక ఇంకో లీటరు. ఒంట్లో ఏముందని శుభ్రం చేసుకుంటున్నావని డాక్టర్ గారు అడిగితే, ఆమె తల దించుకుని, ఏమీ లేదు సార్, భయం అంది.

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ ఎల్లయ్య గారు నా వైపు తిరిగారు. రిపోర్టులోని వాక్యాన్ని మౌనిక ఆయనకు అప్పుడే తెలుగులో చెప్పింది.

"మా బిడ్డ మనిషి కాదని రాసిండ్రా మేడమ్?"

అది నమూనా గురించి రాసిన మాట అని, మనిషి గురించి కాదని వివరించాను. ఆయన విన్నారు. నమ్మినట్టు అనిపించలేదు.

వాళ్లను బయట కూర్చోబెట్టాక డాక్టర్ గారు నాతో విషయం తేటగా చెప్పారు. ఆ అమ్మాయి తన అంతట తాను అన్ని నీళ్లు తాగిందంటే, అది తప్పించుకునే ప్రయత్నమని కంపెనీ అంటుంది. నీళ్లు తాగమని సెంటరే చెప్పిందంటే, మరో నమూనాకు అవకాశం అడగవచ్చు. మీరు చెప్పారా అని అడిగారు. మెసేజ్ నా ఫోన్‌లో చూపించాను.

ప్రసాద్ గారికి ఈ సంగతి పది నిమిషాల్లో తెలిసింది. కారిడార్‌లోకి వచ్చి, గొంతు తగ్గించి అడిగారు.

"మన మెసేజ్ గురించి ఆయనకెందుకు చెప్పారండీ? ఆ కంపెనీ పోతే ఇక్కడ ఎంతమందికి పని పోతుందో ఆలోచించారా?"

ఆలోచించాను. నాకూ అదే భయం. ఆ రోజు కౌంటర్‌లో ఉన్న ముగ్గురు ఆడపిల్లలూ ఆ కంపెనీ పని మీదే ఉన్నారు. చెప్పకపోతే సోమవారం ఆ అమ్మాయి ఒక్కతే పోతుంది, మనం ఉంటాం, అంతేనా అండీ అన్నాను. ఆయన కౌంటర్ వైపు వెళ్లిపోయారు.

ఆపుకుని రావాలి

కంపెనీ ఆ సాయంత్రమే ఒక్క అవకాశానికి ఒప్పుకుంది. శుక్రవారం ఉదయం ఇంకో నమూనా, ఈసారి నేను ఎదురుగా నిలబడి చూస్తుండగా. ఆడపిల్లలకు ఆడవాళ్లే నిలబడాలి. ఇవ్వలేకపోతే నిరాకరించినట్టే లెక్క.

ఇక్కడ చిక్కు చూడండి. నీళ్లు తాగితే నమూనా మళ్లీ పలచబడుతుంది. తాగకపోతే, ఎదుట ఒక మనిషి చూస్తుండగా ఆ అమ్మాయికి వస్తుందన్న నమ్మకం లేదు. రాత్రంతా ఒంట్లో నిలిచి, పొద్దున్న మొదట వచ్చేది బాగా చిక్కగా ఉంటుంది. ఆ మాట ఆమెకు చెప్పవచ్చా అన్నది నా సందేహం. ఎవరికీ ముందుగా సలహా చెప్పకూడదన్న నియమాన్ని నేను అన్నేళ్లు పాటించాను. డాక్టర్ గారిని అడిగాను.

"చెప్పండి. కాని రేపటి నుంచి వచ్చే ప్రతి ఒక్కరికీ అదే చెప్పగలిగితేనే చెప్పండి. ఒక్కరికి చెప్తే అది సాయమవుతుంది, అందరికీ చెప్తే పద్ధతి అవుతుంది" అన్నారాయన.

మౌనికకు చెప్పాను: దాహమైనంత తాగు, అంతకుమించి వద్దు. రాత్రి అన్నం తిను. పొద్దున్న లేచాక టాయిలెట్‌కు వెళ్లకుండా నేరుగా ఇక్కడికి రా. సెంటర్ తెరవడానికి ముందే నేను వచ్చి ఉంటాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ హాస్టల్లో పొద్దున్నే బాత్రూమ్ దగ్గర వరుస ఉంటుంది, అలవాటు కొద్దీ ఆమె కూడా నిలబడుతుందేమో. మెట్రో ఆగిపోతుందేమో. నిద్రమత్తులో మరచిపోతుందేమో. ఇన్నేళ్ల సర్వీసులో నేను ఇంకొకరి మూత్రం గురించి ఇంత ఆలోచించిన రాత్రి లేదు.

శుక్రవారం నేను వెళ్లేసరికి తండ్రీకూతుళ్లు మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఎస్.ఆర్. నగర్ నుంచి రెండు స్టేషన్ల ప్రయాణం. సీటు దొరికినా కూర్చోలేదట, కూర్చుంటే ఆపుకోవడం కష్టమని. ఆ అమ్మాయి కాళ్లు దగ్గరగా పెట్టుకుని, కింది పెదవి పళ్ల మధ్య బిగించి నిలబడింది. నేను తొందరపడలేకపోయాను. నల్లాకు కొత్త టేపు చుట్టాలి, సంతకం చేయాలి, కమోడ్‌లో నీలం రంగు వేయాలి, ఆమె ఎదుటే కప్పు సీలు విప్పాలి. ఒక్కటి వదిలినా నమూనా చెల్లదు. ప్రతి పని చేస్తున్నప్పుడూ ఆమె ముఖం చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను.

లోపలికి వెళ్లాం. తలుపు వేశాను. ఆమె కూర్చుంది. నేను ఎదురుగా నిలబడ్డాను.

రాలేదు.

అంత దూరం ఆపుకుని వచ్చినది, నా కళ్ల ముందు పూర్తిగా నిలిచిపోయింది. ఇది తరచుగా జరిగేదే. ఒళ్లు మన మాట వినదు. తల తిప్పుకోవడానికి నాకు వీల్లేదు. ఆమె కళ్లు మూసుకుంది, తెరిచింది, మళ్లీ మూసుకుంది.

"అస్తలేదు మేడమ్" అంది.

"తొందర లేదమ్మా."

బయటి నుంచి ఎల్లయ్య గారి గొంతు వినబడింది. "మౌనికా, అయ్యిందా బిడ్డా?"

"నాయినా, నువ్వు జర గమ్మునుండు" అందా అమ్మాయి. తర్వాత నా వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది: "మేడమ్, నల్లా ఇడువుండ్రి. గా సప్పుడు ఇంటే వస్తది. చిన్నప్పుడు మా అమ్మ గట్లనే చేస్తుండె."

నల్లాకు నేనే టేపు చుట్టి సంతకం చేశాను. దాన్ని విప్పితే అక్కడితో అంతా అయిపోయినట్టే. నియమాలన్నీ మనసులో ఒకసారి చదువుకున్నాను. గదిలోపల నీళ్లు ఉండకూడదని ఉంది. కారిడార్ గురించి ఏమీ లేదు. తలుపుకు ఆనుకుని బయట చేతులు కడుక్కునే బేసిన్ ఉంది.

"ఎల్లయ్య గారూ," అని పిలిచాను. "మీ పక్కన బేసిన్ ఉంది కదా, ఆ నల్లా తిప్పండి. నేను చెప్పేదాకా కట్టేయకండి."

నల్లా మర తిరిగిన కీచు వినబడింది. తర్వాత నీళ్లు పడుతున్న చప్పుడు, సన్నగా మొదలై పెద్దదైంది. కొంతసేపటికి ఆయన గొంతు మళ్లీ వచ్చింది, ఈసారి కాస్త బాధగా.

"నీళ్లు వట్టిగ పోతున్నయ్ మేడమ్."

"పోనీయండి."

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆపుకోలేకపోయింది. నవ్వుతో పాటే కప్పులో చప్పుడు మొదలైంది.

కప్పు నా చేతికి ఇచ్చింది. పట్టీ మీద ఆకుపచ్చ చుక్క. రంగు ముదురు పసుపు. నేనే నుదురు తుడుచుకున్నానని, అది చూసి ఎవరైనా నన్ను అనుమానించి ఉండేవారని తర్వాత అనిపించింది.

రాయని మాట

శనివారం సాయంత్రం రిపోర్టు వచ్చింది. నమూనా సాధారణం. మత్తుపదార్థాలు లేవు. డాక్టర్ గారు కంపెనీకి అప్పటికప్పుడే పంపించారు. మౌనిక సోమవారం చేరింది. నేను భయపడినట్టు కంపెనీ మమ్మల్ని వదిలి వెళ్లలేదు. నీళ్ల మెసేజ్ తీసేయమని మాత్రం రాసింది. ప్రసాద్ గారు అది తీసేయించి, ఆ వారమంతా నాతో పని మాటలే మాట్లాడారు. వరుస మళ్లీ నెమ్మదించింది. వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను చెప్పడం మొదలుపెట్టాను: దాహమైనంత తాగండి, అన్నం తినండి, పొద్దున్న నేరుగా రండి.

శనివారమే ఇంకొకటి జరిగింది. రిపోర్టు ఫోన్‌లో వస్తుందని చెప్పినా ఎల్లయ్య గారు కాగితం కావాలని స్వయంగా వచ్చారు. ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన దాన్ని కౌంటర్ మీద పరిచి, నన్ను చదవమన్నారు. చదివాను. నమూనా సాధారణం, ఫలితం నెగెటివ్.

"మా బిడ్డ మనిషే అని ఏడ రాసిండ్రు?"

అలా రాయరని చెప్పాను. తేడా ఉంటేనే రాస్తారని, లేకపోతే సాధారణం అని వదిలేస్తారని చెప్పాను.

ఆయన కాగితాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"కాదనేటప్పుడు రాసిండ్రు గద మేడమ్. అయినప్పుడు సుత రాయాలె."

ఆయన కోపంతో అనలేదు. మెట్లు దిగి వెళ్లిపోయారు. మన రిపోర్టులలో ఆ మాటకు గడి లేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. మీరు సీలు వేయండి, సంతకం చేయండి, పట్టీ చదవండి, ఏ నియమాన్నీ వదలకండి. ఆ తర్వాత కప్పు అందిస్తున్నప్పుడు ఎదుటివాళ్ల పేరు పెట్టి పిలవండి. కాగితం రాయని మాట వాళ్లు వినేది అక్కడ ఒక్కచోటే.